మూడో రోజు అద్దె

తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళెవరైనా పోతే మొదటి ఫోను పిల్లలకి వెళ్తుంది, రెండోది నాకు వస్తుంది. నాది టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలతో పాటు రెండు ఫ్రీజర్ బాక్సులున్నాయి. పెళ్ళి సామానుకి మూఢం అడ్డొస్తుంది గానీ బాక్సులకి ఏ అడ్డూ ఉండదు. మా నాన్న హయాంలో అయితే ఐసు దిమ్మలు తెప్పించి, రంపపు పొట్టు పోసి, పొద్దు వాలేలోగా కానిచ్చేసేవాళ్ళు. ఇప్పుడు ఇంటికొకరు సముద్రం అవతల ఉన్నారు. వాళ్ళొచ్చేదాకా ఆగాలి, ఆగాలంటే బాక్సు ఉండాలి. అద్దె రోజుల లెక్కన. ప్లగ్గు పెట్టిన దగ్గర్నుంచి 24 గంటలు దాటిందంటే రెండో రోజు పడ్డట్టే.

అందుకని మూడో ఫోను లెక్కల మాస్టారికి వెళ్ళేది.

మాస్టారు మా హైస్కూల్లోనే చేసి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గరే చదువుకున్నాను. చదువుకున్నానని ఆయన మాత్రం ఒప్పుకునేవారు కాదు, "నా క్లాసులో కూర్చున్నాడు" అనేవారు. భార్య పోయాక ఇంట్లో ఒక్కరే. పొద్దున పేపరు, సాయంత్రం అరుగు. ఆ అరుగు మీదే ఈ విమానాల లెక్క మొదలైంది.

మా వీధి చివర ఒక పెద్దావిడ పోయింది. కొడుకు డల్లాస్‌లో. టికెట్టు వాట్సాప్‌లో పంపాడు. సోమవారం రాత్రి 8:30కి అక్కడ ఎక్కుతున్నాడు, బుధవారం పొద్దున 8:30కి హైదరాబాద్‌లో దిగుతున్నాడు. అరుగు మీద పంచాయితీ లేచింది. ఒకాయన "ముప్పై ఆరు గంటల ప్రయాణమా, మనిషి తట్టుకుంటాడా?" అని బుగ్గలు నొక్కుకున్నాడు. ఇంకొకాయన ఫోన్లో చూసి, "ఇక్కడ పదహారు గంటలే అని ఉంది, మంగళవారం మధ్యాహ్నానికల్లా దిగాలి. వీడెవడో టికెట్లో మోసపోయాడు" అని తేల్చాడు. శవం పక్కన పెట్టుకుని ఇద్దరూ గొంతులు పెంచారు. పోయినావిడకి ఇద్దరూ మేనల్లుళ్ళే లెండి, వాళ్ళకి వేరే పాత తగాదాలు కూడా ఉన్నాయి.

మాస్టారు ఇద్దరి మాటా విని, "ఇద్దరూ ఫెయిలే" అన్నారు.

మొదటాయన గడియారాలు మర్చిపోయాడు. చలికాలంలో డల్లాస్‌కీ మనకీ పదకొండున్నర గంటలు తేడా. టికెట్టు మీది 36లోంచి అది తీసేస్తే 24:30, అదీ అసలు ప్రయాణం. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుకుంటారు. ఆ మధ్యలో తేడా పదిన్నరే. "ఎండాకాలం పోయేవాళ్ళకి ఒక లెక్క, చలికాలం పోయేవాళ్ళకి ఇంకో లెక్కరా" అని నాకేసి చూశారు, నేనేదో రెండు కాలాలకీ ఒకే బిల్లు వేస్తున్నట్టు.

రెండో ఆయన పదహారు గంటలు మాత్రం ఉత్త మాట కాదు. దాని గుట్టు చెప్పడానికి మాస్టారు లోపలికెళ్ళి గ్లోబు తెచ్చారు. స్కూలువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నది. ఆఫ్రికా దగ్గర రంగు పెచ్చులూడింది. దాని మీద ఇంకా సోవియట్ యూనియనే ఉంది. చొక్కా గుండీలు కుట్టుకునే దారం ఒకటి తీసి నా చేతికిచ్చారు. "ఒక కొస హైదరాబాద్ మీద పెట్టు, రెండోది డల్లాస్ మీద పెట్టి బిగించు."

గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి గీస్తే ఆ గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతుంది. నేనూ అలాగే పోతుందనుకున్నాను. దారం బిగిస్తే నిట్టనిలువుగా పైకి లేచింది. హిమాలయాలు దాటింది, సైబీరియా దాటింది, ఉత్తర ధ్రువం పక్కనుంచి అవతలికి జారి, కెనడా మీదుగా దిగి డల్లాస్‌లో ఆగింది. కాసేపు ఆ మేనల్లుళ్ళు కూడా చావు సంగతి మర్చిపోయి గ్లోబు మీదకి వంగారు.

మాస్టారికి అంతకంటే ఏం కావాలి? అగరొత్తుల ప్యాకెట్టు చింపి దాని వెనక లెక్క మొదలుపెట్టారు. హైదరాబాద్ విమానాశ్రయం తూర్పు రేఖాంశం 78.4, డల్లాస్‌ది పడమటి 97. రెండూ కలిపితే 175 దాటుతుంది. 180 అయి ఉంటే డల్లాస్ సరిగ్గా మన వీపు వెనక రేఖ మీద ఉన్నట్టు. ఈ నాలుగైదు డిగ్రీలు వదిలేస్తే సైన్లూ కొసైన్లూ అక్కర్లేదు, కూడికలూ తీసివేతలూ వచ్చిన నాబోటివాడు కూడా కట్టెయ్యవచ్చు. మన అక్షాంశం 17.2 కాబట్టి ఇక్కణ్ణుంచి ధ్రువానికి 72.8 డిగ్రీలు. డల్లాస్‌ది 32.9, ధ్రువం నుంచి అక్కడికి 57.1. మొత్తం 130 డిగ్రీలనుకో. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, భూమి చుట్టుకొలత నుంచి పుట్టిన కొలతే అది. 130ని 60తో గుణిస్తే 7,800. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. అంటే 14,445 కిలోమీటర్లు.

"పద్ధతిగా కడితే ఇంకో పాతిక కిలోమీటర్లు తగ్గుతుంది. పాతిక కిలోమీటర్లకి ఏ శవమూ తొందరపడదు" అన్నారు. పక్కింటి ఆడవాళ్ళు ఈయనకి మతిపోయిందన్నట్టు చూశారు.

జెట్ విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే 16 గంటలు. ఫోను చెప్పింది ఇదే. కాకపోతే ఆ దారిన మనవాళ్ళని తిన్నగా తెచ్చి దించే విమానం లేదు. దోహాలో దిగి మారాలి. మారితే దూరం పెద్దగా పెరగదు. డల్లాస్ నుంచి దోహాకి 12,750, అక్కణ్ణుంచి మనకి 2,900. కలిపితే 15,650. అంటే చుట్టు 1,200 కిలోమీటర్లే, విమానానికి గంటా ఇరవై నిమిషాల పని. మిగతా గంటలన్నీ దోహాలో బెంచీ మీద కూర్చోవడానికి పోతాయి.

"దోహాలో ఆరున్నర గంటలు కూర్చోబెడతాడా దొంగవెధవ?" అన్నాడు ఒక మేనల్లుడు. ఎవర్ని తిట్టాడో తెలీదు.

ఆ రోజు మాస్టారు చెప్పిన గంటకి చెప్పినట్టు ఆ కొడుకు గుమ్మంలో దిగాడు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పోయినా ఆయన్ని అడగకుండా నేను బాక్సు రోజులు చెప్పింది లేదు. సిడ్నీ, టొరంటో, లండన్, న్యూజెర్సీ, అన్నిటికీ ఆయన దగ్గర కాగితాలు తయారుగా ఉండేవి. వచ్చిన కాగితాన్ని బట్టి షామియానా ఎన్నాళ్ళో, కాఫీ పాలు ఎన్ని లీటర్లో, పురోహితుడు ఎప్పుడు రావాలో తేలిపోయేది.

ఆయనకి బాగా ఇష్టమైన కథ ఒకటుండేది. ఎయిరిండియా విమానం ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. 2016లో దారి మార్చి తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకి దిగింది. అంత ఎత్తున పడమటి నుంచి తూర్పుకి నదిలా ఒక గాలి పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. దానికి ఎదురెళ్తే మెడ పట్టుకుని ఆపుతుంది, దానితో వెళ్తే వెనకనుంచి తోస్తుంది. దోహా నుంచి డల్లాస్‌కి పోయేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు 14 పట్టేది అందుకే. "దూరం చూసి ముందెవడొస్తాడో చెప్పకూడదురా" అనేవారు, చాక్‌పీసు లేకపోయినా గాల్లో గీత గీస్తూ.

గాల్లో సంగతి ఇంత గట్టిగా చెప్పే మనిషి నేల మీదకొచ్చేసరికి నీళ్ళు నమిలేవారు. ఇమిగ్రేషన్ దగ్గర క్యూ, సూట్‌కేసుల బెల్టు, శంషాబాద్ నుంచి మా ఊరికి 300 కిలోమీటర్ల రోడ్డు, పండగ రోజులైతే పంతంగి టోల్‌గేటు. వీటికి ఆయన ఏడున్నర గంటలు వేసేవారు. "గాల్లో గంటలకి సూత్రాలున్నాయి. నేల మీద గంటలకి మనుషులే సూత్రం. అది నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు."

మాస్టారికి ఇద్దరు పిల్లలు. అమ్మాయి డల్లాస్‌లోనే ఉంటుంది. పొద్దున ఆరున్నరకి మాస్టారి ఫోను మోగిందంటే అది ఆ పిల్లే, అక్కడ రాత్రి ఏడు. అబ్బాయి హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద మేనేజరు. ఊరంతా మాస్టారిని అదృష్టవంతుడనేది. మా తరంలో కొడుకు వీసా అక్కర్లేని ఊళ్ళో ఉండటమంటే చిన్న విషయమా? మొన్న సంక్రాంతికి అతను రాలేదు. పంతంగి దగ్గర కార్లు బారులు తీరాయని టీవీలో చూపిస్తుంటే మాస్టారే అన్నారు, "రద్దీ తగ్గాక వస్తానన్నాడు. దగ్గరే కదా, ఎప్పుడైనా రావచ్చు."

కనుమ వెళ్ళిన రెండు మూడు రోజులకి ఆయన మా షాపుకొచ్చారు. నడిచొచ్చినందుకు కాస్త ఆయాసపడుతున్నారు. కుర్చీ వేశాను. జేబులోంచి అంటించిన కవరొకటి, డబ్బులు కొన్ని తీసి బల్ల మీద పెట్టారు.

"ఏంటి మాస్టారూ ఇది?"

"బాక్సు అద్దె. నాది."

ఇలాంటి మాటకి ఏమనాలో మాకు ఎవరూ నేర్పలేదు. "ఊరుకోండి మాస్టారూ, మీకింకా చాలా..." అని నసిగాను.

"లెక్కబెట్టుకో ముందు. నీ చేత కూడికలు చేయించేసరికే నా జుట్టు నెరిసింది."

లెక్కబెట్టాను. మూడు రోజుల అద్దె. అమ్మాయికి ఎన్ని గంటలు పడుతుందంటే, "అన్నీ కలిపి 36. వివరం కవర్లో ఉంది, అవసరం పడ్డనాడు చూడు" అన్నారు. 36 గంటలకి రెండు రోజుల అద్దె చాలు. ఆ మాట పైకి అనేశాను, ఒక రోజుది వెనక్కి ఇవ్వబోయాను కూడా.

"టెన్తులో లెక్కలకి ఎన్నొచ్చాయిరా నీకు?"

"ముప్పై అయిదు."

"మరి నోరు మూసుకుని ఉంచు. తర్వాత ఎవర్నీ ఏమీ అడగొద్దు."

ఆయన వెళ్ళాక మా ఆవిడతో అన్నాను, మాస్టారి లెక్క మొదటిసారి తప్పిందని. పెద్దవయసు కదా అంది ఆమె.

ఆ వచ్చిన మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రుళ్ళు తోడు పడుకునే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. పిల్లలకి నేనే చెప్పాల్సొచ్చింది. డల్లాస్‌లో అప్పుడు సోమవారం సాయంత్రం నాలుగున్నర. ఆ పిల్ల ఏమీ అడగలేదు, "బయల్దేరుతున్నా అన్నా" అని మాత్రం అంది. అబ్బాయికి చేశాను. ఒక నిమిషం మాట్లాడలేకపోయాడు, అది నిజమే. తర్వాత, "చెల్లి ఎప్పటికొస్తుంది?" అన్నాడు.

కవరు అప్పటికే విప్పాను. గుండ్రటి అక్షరాలు, ఎడమ పక్క మార్జిన్ కూడా గీశారు. టికెట్టు కొని విమానం ఎక్కడానికి 4 గంటలు, దోహాకి 14, అక్కడ 6:30, హైదరాబాద్‌కి 4, బయటపడటానికి 1:30, రోడ్డు మీద 6. మొత్తం 36, కింద రెండు గీతలు.

"రేపు సాయంత్రం నాలుగింటికి" అన్నాను.

"సరే అన్నా" అన్నాడు.

ఆరింటికల్లా బాక్సు తెచ్చి ప్లగ్గు పెట్టాను. స్టెబిలైజరు, కరెంటు పోతే జనరేటరు, అన్నీ చూసుకున్నాను. పాత స్టూడెంట్లు వస్తూనే ఉన్నారు, వచ్చినవాళ్ళు దండ వేసి గోడకి అంటించిన ఆ కాగితం దగ్గర ఆగి చదువుతున్నారు. మాస్టారి చావుకి మాస్టారే లెక్క కట్టుకోవడం చూసి ఒకరిద్దరు ఏడ్చారు కూడా. మధ్యాహ్నం నుంచీ కారు చప్పుడైనప్పుడల్లా జనం అబ్బాయేమోనని లేచి చూశారు. రాత్రయ్యాక లేవడం మానేశారు.

బుధవారం పొద్దున అమ్మాయి శంషాబాద్‌లో దిగింది. దిగాక అన్నకి ఫోన్ చేస్తే, ఒక్క మీటింగు ఉంది, ముగించుకుని వెనకే వచ్చేస్తాను, నువ్వు బయల్దేరు అన్నాడట. ఆ పిల్ల క్యాబు మాట్లాడుకుని వచ్చేసింది. గుమ్మం ముందు దిగేసరికి నాలుగూ అయిదు. గోడ మీది కాగితం చదువుతున్న ఒక పెద్దమనిషి వాచీ చూసుకుని దణ్ణం పెట్టాడు.

పాడె సిద్ధంగా ఉంది. పురోహితుడు ఆకాశం వంక చూశాడు, ఇంకో గంటన్నర, గంటా ముప్పావు వెలుతురుంది. తలకొరివి పెట్టాల్సినవాడికి ఫోన్ చేస్తే సూర్యాపేటలో టీ తాగుతున్నానన్నాడు. ఇవాళ్టి రోజుల్లో కూతురు పెడితే తప్పేంటని వాళ్ళ బాబాయి అన్నాడు. కొడుకు దారిలో ఉండగా అదేం మాటని నలుగురు లేచారు. ఆ పిల్ల బాక్సు అద్దం మీద చెయ్యి వేసి కూర్చుంది, అటూ అనలేదు ఇటూ అనలేదు.

అబ్బాయి కారు ఏడుంబావుకి వచ్చింది. పొద్దుగూకాక తియ్యకూడదు కాబట్టి మళ్ళీ బాక్సు ఆన్‌లోనే ఉంచాను. గురువారం పొద్దున ఎనిమిదింటికి లేపారు. ఆరింటికే మూడో రోజు పడింది.

శ్మశానం నుంచి వచ్చాక నేను వైర్లు చుట్టుకుంటుంటే అబ్బాయి దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడు, బేరమాడే రకం కాదు. పర్సు తీసి, "ఎంతయిందన్నా?" అన్నాడు. షామియానా, కుర్చీలు చెప్పాను. బాక్సు అద్దె మాస్టారే కట్టేశారని, మూడు రోజులకీ కట్టారని చెప్పాను.

"మూడు రోజులకా?" కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా అన్నా, ఎంత ముందుచూపో. చెల్లి అంత దూరం నుంచి రావాలని ఒక రోజు ఎక్కువే వేసుకున్నారు. ఆ కాగితం నాకిస్తావా? ఫ్రేము కట్టించుకుంటాను."

గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాను. డల్లాసూ దోహా గంటలన్నీ పైకి చదివాడు. చెల్లెల్ని పిలిచి చూపించాడు. మడవబోతూ వెనక్కి తిప్పాడు.

అటువైపు నేనూ చూసి ఉండలేదు. అద్దె వివరం రాసి ఉంది.

"డల్లాస్ దూరానికి: రెండు రోజులు.

హైదరాబాద్ దూరానికి: ఒక రోజు."